రెండు వీధుల అవతల

అక్కా,

ముప్పై ఏళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని రాస్తున్నానో నాకే తెలియదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నీ పక్క సీటులో కూర్చున్నదాన్ని.

పెళ్ళయితే ఆడవాళ్ళను ఉద్యోగంలోంచి తీసేసే రూలు పోవాలని మీరంతా హెడ్‌ఫోన్లు తీసి బయటికి నడిచిన రోజు, నేను కుర్చీలోంచి లేవలేదు. "ఎవరు రెచ్చగొట్టారు?" అని మేనేజరు అడిగితే నీ పేరు చెప్పాను. భయపడ్డానని సాకు చెప్పను. నిన్ను తీసేశారు. ఏడాది తిరక్కుండానే ఆ రూలూ పోయింది. నేను పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, అక్కడే రిటైరయ్యాను.

మొన్న వీడ్కోలు సభలో ఆఫీసు అమ్మాయిలు, "మేడమ్, మా కోసం అప్పుడు పోరాడింది మీరే కదా" అని చప్పట్లు కొట్టారు. తల వంచుకుని ఊరుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇవాళ మళ్ళీ ఆఫీసుకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. ఒకమ్మాయి మాత్రం, "ఆవిడ ఇప్పుడెక్కడుంటారండీ?" అని అడిగింది. మా ఇంటికి రెండు వీధుల అవతలేనని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను.

ఆదివారం వాళ్ళు నీ దగ్గరికి వస్తారట. వాళ్ళ వెనకాల నేనూ రావచ్చా?