పాలలో కలిపిన మాత్ర

అమ్మడూ,

ఇవాళ థైరాయిడ్ మాత్ర వేసుకోకు. షీటు నేనే పట్టుకెళ్తున్నాను. స్టవ్ మీద ఉన్నవి ఒట్టి పాలే, తాగు.

పరగడుపున మాత్ర పడితే నీ కడుపులో పుండు పడుతుందని భయపడి రోజూ పాలలో నూరి ఇస్తున్నాను కదా, ఆ సంగతి నిన్న మందుల షాపాయనతో అన్నాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "పాలతో ఇస్తే ఒంటికెలా పడుతుందమ్మా! నీళ్ళతోనే వెయ్యాలి" అన్నాడు. రిపోర్టులో తేడా లేదని డాక్టరమ్మ రెండుసార్లు మోతాదు పెంచింది. నువ్వేమో పాలు సింకులో పారబోస్తున్నావని అనుమానపడి నేను ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడా పెద్ద మాత్ర నీళ్ళతో వేస్తే నీ గుండె తట్టుకుంటుందో లేదో.

డాక్టరమ్మ దగ్గరికే పోతున్నాను. తప్పు నాదేనని చెప్పి, ఎంత వెయ్యాలో రాయించుకొస్తాను. కాస్త దడగా అనిపించినా పక్కింటి పిన్నిని పిలువు. మొహమాటపడకు.

అమ్మ

మందు ఒంటికి పట్టక వచ్చిన నిద్రని తెలియక, నిద్రమొహమా అని ఏడాదిగా రోజూ నీ దుప్పటి లాగేశాను. ఇది చదివాక మళ్ళీ పడుకో తల్లీ. ఎవరూ లేపరు.