కారణం నంబరు తొమ్మిది

ఒక ఆరోగ్య బీమా కంపెనీలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరై, ఈ మేడ రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటున్న అరవై మూడేళ్ళ నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. ప్రోద్బలం చెయ్యడానికైనా ఇంట్లో ఇంకో మనిషంటూ ఉండాలి కదా. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా గుండె ఎన్నాళ్ళు కొట్టుకుంటుందని అడిగితే డాక్టరు సరిగ్గా చెప్పలేనంది. సరిగ్గా చెప్పలేనివాళ్ళ మీద నాకు గౌరవం. మా కంపెనీలో అన్నీ సరిగ్గా చెప్పేవాళ్ళం.

లాయరుగారు నమూనా కాగితం ఒకటిచ్చి, అందులో ఖాళీలు పూరిస్తే చాలన్నారు. ముప్పై నాలుగేళ్ళు పూరించిన ఖాళీలు చాలు. ఇది నా మాటల్లోనే రాస్తాను, ఆయన తప్పులు దిద్దుకుంటే దిద్దుకోమనండి.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆఫీసులో నా ఎదురు బల్ల గుమాస్తాకి అప్పగిస్తున్నాను. సాయంత్రం ఐదు కొట్టేసరికి గొడుగు చంకన పెట్టుకుని మెట్ల మీదుండేవాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని గడియారం అనేవాళ్ళు. నన్ను చింతమ్మ అనేవాళ్ళు. దరఖాస్తుల తిరస్కరణ విభాగం నాది. జబ్బు ఖర్చులిమ్మని జనం రాసుకున్న దరఖాస్తులకి నేను రాసే ప్రతి జవాబూ "మంజూరు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము" అని ముగిసేది. చింతమ్మ అనే పేరు పెట్టింది గడియారమేనని నాకు తెలుసు. తెలిసే ఈయన్ని ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ భవనంలో అన్నమాట ప్రకారం నడుచుకున్న మనిషి ఈయనొక్కడే.

2. రిటైరైన రోజు కంపెనీ వాళ్ళిచ్చిన గోడగడియారం కూడా పైన చెప్పిన గడియారానికే. రోజుకి ఐదు నిమిషాలు వెనకబడుతుంది. జాగ్రత్త, దీన్ని నమ్ముకుంటే ఐదింటికి బయటపడలేరు.

3. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి, ఆ కుర్చీ మీద వేసుకునే దూది దిండు. నేనే కుట్టుకున్నాను. చేరిన కొత్తలో ఆ అమ్మాయి, రెండేళ్ళు చేసి మానేస్తానండీ, అంది. నేనూ అలాగే అన్నాను. అమ్మాయీ, అక్కడ జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుంది. రెండేళ్ళకోసారి కొత్త కళ్ళద్దాలిస్తారు. ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి కార్డిస్తారు. కడుపులో చల్ల కదలదు. కదలకపోతే ఏమవుతుందో కింద తొమ్మిదో అంశంలో రాశాను. దిండు తీసుకుని, అది చదివి, నీ ఇష్టం.

4. మేనేజరుగారికి: ఏమీ లేదు. మంజూరు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.

5. కింది అంతస్తు దర్జీ ఆవిడకి నా పెద్ద బల్లదీపం ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి వీలునామాలో ఏమీ రాయకూడదని లాయరుగారు అడ్డం చెప్పారు. అందుకని దీపం నిన్ననే స్వయంగా పట్టుకెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. పదహారేళ్ళ తర్వాత నాతో మాట్లాడింది. బల్బుందా, అని అడిగింది.

6. ఈ ఇల్లు, ఇంట్లో సామాను, బ్యాంకులో ఉన్న మొత్తం, కంపెనీ నుంచి రావలసింది ఏమైనా ఉంటే అది, సర్వహక్కులతో నా ఒక్కగానొక్క చెల్లెలికి చెందాలి. ఆమెను ఇకమీదట చిన్ని అంటాను. లాయరుగారు పూర్తి పేరు, చిరునామా వేరే కాగితం మీద రాయించుకున్నారు. చిన్ని నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మానాన్నా పోయాక ఆమెకి నేను, నాకు ఆమె. పదహారేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళింది. ఈ ఆస్తికి షరతులేమీ లేవు. అమ్ముకున్నా, తాళం వేసినా, ఎవరికైనా రాసిచ్చినా అడిగేవాళ్ళు లేరు.

7. కిటికీ పక్కనున్న కుట్టుమిషను ఎలాగూ చిన్నిదే, నేనిచ్చేదేం లేదు. నెలకోసారి నూనె వేస్తూనే ఉన్నాను. ఆమె వెళ్ళిన రోజున సూది కింద ఒక నీలం గుడ్డముక్క సగం కుట్టి ఉంది. అది తియ్యలేదు. తీద్దామని చాలాసార్లు కూర్చున్నాను.

8. నా గీతల కలాలు, ఇంకుసీసాలు, చుట్టచుట్టిన ఒక పటం కూడా చిన్నికే. ఈ కలాల సంగతి ఆమెకి సగమే తెలుసు. ఇరవై ఆరేళ్ళప్పుడు, బడిపిల్లల అట్లాసులు వేసే ప్రెస్సులో నదులు గీసే పనికి రమ్మని నాకు ఉత్తరమొచ్చింది. నా చేత్తో ఒక నది గీయించుకుని చూశారు. పుట్టినచోట సన్నగా మొదలై సముద్రం దగ్గర వెడల్పయ్యే గీత, చెయ్యి ఎత్తకుండా గీశాను. జీతం ఇక్కడి దాంట్లో సగం, ఆస్పత్రి కార్డు లేదు. అదే నెలలో చిన్నికి మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. పదిహేడేళ్ళ పిల్ల, వంటింట్లో పడిపోయింది. నేను నదులు వదులుకుని కార్డు ఉంచుకున్నాను. అప్పటికి అది సరైన పనే, ఇవాళ అడిగినా అదే చేస్తాను. దాని గురించి నాకు విచారం లేదు.

చుట్టచుట్టిన పటం సంగతి చివర్లో చెబుతాను.

9. ఇక ఈ అంశం. కావాలనే తొమ్మిది దాకా లాక్కొచ్చాను. మా కంపెనీలో తిరస్కరణకి పద్నాలుగు కారణాలు అచ్చేసి ఉండేవి, మేం నంబరు వేస్తే చాలు. అన్నిటికన్నా ఎక్కువసార్లు నేను వేసింది తొమ్మిది: "తెలిసిన విషయాన్ని తెలిసి కూడా చెప్పకుండా దాచుట." ఎవరో తండ్రి తన పాత దగ్గు సంగతి ఫారంలో రాయలేదని తొమ్మిది వేశాను. ఎవరో కొత్త పెళ్ళికూతురు తనకి చిన్నప్పుడు జరిగిన ఆపరేషను చెప్పలేదని తొమ్మిది వేశాను. అలాంటి వాళ్ళు ఎంతమందో లెక్క పెట్టలేదు.

చిన్నీ, ఇక్కణ్ణించి నీతోనే మాట్లాడతాను. లాయరుగారు ఏమనుకున్నా సరే.

ఇల్లు వదిలిన నెలకి నువ్వొక కార్డు రాశావు. అందులో ఒకటే మాట: "ఎందుకక్కా?" ఏ ఉత్తరానికైనా ఇరవై ఒక్క రోజుల్లో జవాబివ్వాలని మా రూలు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క జవాబు కూడా నేను ఆలస్యం చెయ్యలేదు. నీ కార్డు మాత్రం బీరువాలో ఉండిపోయింది.

జరిగింది ఇది. నీకు ముప్పై ఒకటో ఏడు నడుస్తుండగా నీ పరీక్షల కాగితాలు తేవడానికి నేనొక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. ఐదేళ్ళుగా ఒక్కసారీ ఫిట్స్ రాలేదు, మందు కొంచెం కొంచెంగా తగ్గించి ఆరు నెలల్లో ఆపెయ్యొచ్చు, మీ చెల్లెలు ఉద్యోగం చేసుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, సైకిలు తొక్కొచ్చు, అని డాక్టరు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాను. మూడు బస్సులు వదిలేశాను.

మందు ఆవిడ చెప్పినట్టే తగ్గించాను, అందులో మోసం లేదు. ఆరు నెలలకి పూర్తిగా ఆపేశాను. కానీ నీకు చెప్పలేదు. వీధి చివరి షాపులో అదే రంగు బలం మాత్రలు కొని, ఏడు గళ్ళ డబ్బాలో పోసి, రోజూ రాత్రి భోజనం కాగానే నీ అరచేతిలో పెట్టాను. ఏడేళ్ళు పెట్టాను. ఏడేళ్ళూ నువ్వు మంచినీళ్ళతో మింగి, నా వల్ల నీకెంత కష్టమక్కా, అనేదానివి. నేను ఫరవాలేదనేదాన్ని.

దర్జీ ఆవిడ తన షాపులో పనిస్తానంటే, సంపాదన మొదలైతే కార్డులో నీ పేరు కొట్టేస్తారని ఆపాను. ఫొటో స్టూడియో అతను నిన్ను చేసుకుంటానని నా దగ్గరికి వస్తే, మా పిల్లకి ఫిట్స్ అని చెప్పాను. ఫరవాలేదండీ, నేను చూసుకుంటాను, అన్నాడు. మాకు కుదరదన్నాను. "మేము" అన్నాను చిన్నీ, నిన్ను అడగనైనా అడక్కుండా. కంపెనీలో నేర్చుకున్న మాట అది. "మేము" అంటే ఎవరూ లేనట్టే, ఎవరి ముఖమూ చూపించక్కర్లేదు. అతను మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

తర్వాత నాకు జ్వరమొచ్చిన వారం, మాత్రలు కొనడానికి నువ్వే వెళ్ళావు. షాపాయన, ఇవి ఫిట్స్‌కి కాదమ్మా, ఒంటికి బలానికి, అన్నాడు. నువ్వు ఇంటికొచ్చి డబ్బా నా మంచం మీద పెట్టావు. అరిచి ఉంటే బాగుండేది. నువ్వు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయావు.

ఇప్పుడు ఎందుకో చెబుతాను. డాక్టరు నీకు నయమైందన్న ఏడాదే ప్రెస్సు వాళ్ళు మళ్ళీ ఉత్తరం రాశారు. నదులు గీసే ముసలాయన చూపు పోయిందట, నన్ను రమ్మన్నారు. ఇక అడ్డమేముంది? ఏమీ లేదు. నేనే ఉన్నాను. ఒకటో తారీఖు జీతం పడకపోతే ఎలా బతకాలో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. గీత వంకర పోతుందేమో, తీరా వెళ్ళాక పనికిరావు పొమ్మంటారేమో అని భయం. ఆ కుర్చీని తిట్టుకుంటూ కూర్చోవడమే హాయి. కానీ తిట్టుకుంటూ కూర్చోడానికి ఒక కారణం కావాలి. చెల్లెలి మందుల కోసం చేస్తున్నానంటే లోకం మెచ్చుకుంటుంది. పిరికిదాన్ని కాబట్టి చేస్తున్నానంటే ఎవరు మెచ్చుకుంటారు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను మానలేక నీ జబ్బు అన్నాను. నువ్వు బాగుపడితే నా దగ్గర కారణం ఉండదు. పైగా వెళ్ళిపోతావు. రెండూ ఒక్కసారే పోతాయి.

సాక్ష్యం కావాలంటే ఇదిగో. నువ్వు వెళ్ళాక ఇంకా పదకొండేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు ఎవరి మందుల కోసం? ఏటా జనవరిలో "మీపై ఆధారపడినవారు" అన్న ఫారం వచ్చేది. ఇంట్లో రెండో కంచం కడిగే పనే లేదు, అయినా ఏటా నీ పేరే రాశాను. గడియారం అది చూసి, తన ఫారం మీదకి వంగాడు. తప్పుడు వివరమని నా మీద తొమ్మిది వెయ్యాలి నిజానికి. నా విభాగం నేనే కాబట్టి బతికిపోయాను.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు, లోపల మిషను చప్పుడు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగే అలవాటు నాకింకా పోలేదు. ఇంతకన్నా దీని గురించి రాయను.

తొమ్మిదేళ్ళ కిందట నీ ఊరికి వచ్చాను. మూడు బస్సులు మారి, నీ వీధి మొదట్లో తపాలా డబ్బా పక్కన నిలబడ్డాను. నువ్వు సైకిలు మీద వచ్చావు. వెనక సంచిలో గుడ్డల తానులున్నాయి. మలుపులో బెల్లు కొట్టావు, పక్కకి ఒరిగావు, పడలేదు. నన్ను చూడలేదు. నీకు నలభై ఐదేళ్ళు, నువ్వు సైకిలు తొక్కడం నేను అదే మొదటిసారి చూడటం. పిలుద్దామని నోరు తెరిచాను, కానీ ఏమని పిలవను? తిరుగు బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఆ దారి పటం గీశాను. ఎనిమిదో అంశంలో చెప్పింది అదే. మన గుమ్మం నుంచి నీ మలుపు దాకా, దారిలో దాటిన రెండు నదులతో సహా. ఇన్నేళ్ళకి గీసినా చెయ్యి వణకలేదు. అట్లాసు వాళ్ళు చూస్తే తీసుకునేవాళ్ళే అనిపించి, ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

10. కంపెనీలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు రబ్బరు స్టాంపులు చెత్తబుట్టలో పడేశారు. రెండు ఏరుకుని తెచ్చుకున్నాను: "మంజూరు", "తిరస్కరణ". రెండూ, ఇంకుపెట్టె, కంపెనీ పాత ఫారం ఒకటి ఈ కాగితాలతో పాటు కవరులో పెట్టాను. ఫారం పూరించాను. దరఖాస్తుదారు: అక్క. సంబంధం: అక్క. కోరుతున్నది: క్షమాపణ. జతపరచిన రుజువులు: ఏమీ లేవు.

చిన్నీ, నీకు తోచిన స్టాంపు వెయ్యి. తిరస్కరించినా ఇల్లు నీదే, మిషను నీదే, పటం నీదే. కారణం నంబరు వెయ్యక్కర్లేదు. ఇరవై ఒక్క రోజుల గడువు కూడా లేదు, నేను పదహారేళ్ళు తీసుకున్నాను. రెండూ వెయ్యబుద్ధి కాకపోతే ఫారం మడిచి, కుదురులేని బల్లకాలు కింద పెట్టుకో, అదీ ఉపయోగమే. చింత చచ్చినా పులుపు చావదంటారు, చావబోతూ కూడా నాకు ఈ వేళాకోళం పోలేదు చూడు.

కానీ ఈ ఒక్క వాక్యం వేళాకోళం కాదు. వేల ఉత్తరాల్లో రాసిన మాటే అయినా, "మేము" తీసేసి రాయడం ఇదే మొదలు.

నీ ఉత్తరం అందింది. జవాబు ఇంత ఆలస్యమైనందుకూ, ఆ ఏడేళ్ళకీ చింతిస్తున్నాను.

పై సంగతులన్నీ నేనే రాసి, రెండుసార్లు చదువుకుని, కొట్టివేతలు లేకుండా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను. అన్ని పేజీల్లోనూ లాయరుగారు అడిగినట్టు పూర్తి పేరే రాశాను. ఈ ఆఖరి పేజీలో మాత్రం పూర్తి పేరు కింద ఇంకో సంతకం పెట్టాను. అదీ చెల్లుతుందన్నారు.

2019 మార్చి 14, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం)
అక్క

సాక్షులు:

1. వీధి చివరి మందులషాపు యజమాని. ఆ రోజు చిన్నికి నిజం చెప్పింది ఈయనే. సంతకం పెట్టి, అప్పుడు నోరు జారానమ్మా, అని నాకు క్షమాపణ చెప్పబోతే ఆపాను.

2. కింది అంతస్తు దర్జీ. మెట్లెక్కి వచ్చి, సంతకం పెట్టి, మిషను దగ్గర ఆగింది. సూది కింది నీలం గుడ్డ చూసి, ఇది జేబు, చొక్కా జేబు, అంది. కొలత నాది, చాటుగా చిన్నికి నేనిచ్చిన పనే, అని కూడా అంది.