ఈసారి నిలిచింది

బావా, అన్నం కుక్కర్లో ఉంది, పప్పు వేడి చేసుకో. ఫ్రిజ్‌లో ఉన్న నా సూదిమందు జరపకు.

నువ్వు ఫోన్ చార్జింగ్‌లోనే మరిచి పొలానికి పోయావు, అందుకే రాస్తున్నాను. డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఈసారి కడుపు నిలిచిందట! ‘ఆయనది ఒక్క మంచి వీర్యకణం దొరికినా చాలు’ అన్న ఆమె మాట నిజమైంది. ఈరోజు పరీక్షకు మళ్ళీ రక్తం ఇవ్వాలట, నిజామాబాద్ బస్సుకు పోతున్నాను.

పోయినసారి నిలవనప్పుడు అత్తమ్మ నన్నే అన్నది. నువ్వు నోరు విప్పలేదు, అది మరిచిపోలేను. కానీ పోయిన నెల అత్తమ్మతో ‘లోపం నాదే అవ్వా, సింధుజనేం అనకు’ అన్నావు చూడు, ఆ రోజే నా కడుపు చల్లబడింది.

అత్తమ్మ చెప్పులేసుకొని వాకిట్లో నిలబడింది. ‘ఒక్కదానివెట్ల పోతవ్ బిడ్డా, నేనొస్త పా’ అంటోంది.

సింధుజ

అత్తమ్మకింకా ఏమీ చెప్పలేదు. ముందు నీకే తెలియాలి.