ఒళ్ళు ఎక్కడ పెట్టావే అక్కా

2 ఫిబ్రవరి 1995, గురువారం

అక్క చెయ్యి కాలింది. వేడి పెనం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడి ఉంది. కాలిన వాసన నాకు వచ్చింది, దానికి రాలేదు. చెయ్యి లాగేస్తే నన్నే కసిరింది. "ఏమే, ఎందుకు లాగతా ఉండావు?"

కార్తీకంలో వేటకి పోయిన బావ బోటు తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి అక్క ఒక్కసారి ఏడవలేదు. చేపలు అమ్ముతుంది, తింటుంది, పడుకుంటుంది. ఒళ్ళంతా మొద్దు. దానికి కొవ్వు, అందుకే నొప్పి తెలీదు అంటుంది వాళ్ళత్త. ఆ నోట్లో మన్ను పడ.

4, శనివారం

చర్చి హాల్లో ఏదో వైద్యమట. మాత్ర లేదు, సూది లేదు. ఒంటిని కదిలించి మనసు బాగుచేస్తారట. చొక్కాల కంపెనీలో నా పక్క మిషన్ మీద కుట్టే మేరీ చెప్పింది. సగం పూట సెలవు అడిగితే సూపర్‌వైజర్ నా కాలి వంక చూశాడు. "నీకా?"

"మా అక్కకి. నీక్కూడా కావాలంటే తోడుకోని పోతా."

సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు.

ఆ వైద్యం చేసే మేడమ్ మద్రాసు ఆ చివర అడయారు నుంచి వస్తుంది. మెత్తటి గొంతు. చెడ్డది కాదు, అబద్ధమెందుకు. "రెండు పాదాలూ సమంగా నేలకి ఆనించండి. భూమి మిమ్మల్ని మోస్తుంది." పోలియో వచ్చిన నా ఎడమ కాలి మడమ ఏనాడూ నేలకి ఆనలేదు. అయితే భూమి నన్ను సగమే మోస్తుందా?

తర్వాత జంటలు. వీపుకి వీపు ఆనించి ఒరగాలి. అక్క దగ్గరికి ఒక్కరూ రాలేదు. "అమ్మాడీ, నేను నలిగే పోతా!" అని ఒకామె నవ్వు. మేడమ్ మా ఇద్దరినీ గోడ పక్కన కూర్చోబెట్టింది. "ఈ ఒక్కటీ మీరు చూస్తే చాలు."

చూశాం. సన్నటివాళ్ళు సన్నటివాళ్ళ మీద ఒరగడం.

7, మంగళవారం

కోపం దిగలేదు. చొక్కా చేతులు తలకిందులుగా కుట్టాను. విప్పాను. మళ్ళీ అలాగే కుట్టాను.

11, శనివారం

ఇక పోవద్దన్నాను. అక్కే బయలుదేరింది. "ఆడ ఫ్యాను ఉండాది పాపా. చల్లగా ఉండాది."

దూదిలా తేలికైపోయాం అనుకోండి, అంది మేడమ్. అక్క కళ్ళు తెరిచింది. "నేనెందుకమ్మా తేలిక కావాల? ఆయన సముద్రం నించి వచ్చి నా మీదే గదా ఒరిగి నిద్రపోయేది. దూదయితే ఆ గురక్కే ఎగిరిపోతా." హాలంతా నవ్వు. అక్క కూడా నవ్వింది. నాకు రాలేదు.

18, శనివారం



అందరినీ పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది మేడమ్. తమిళంలో, మెల్లగా... మీ బాడీ ఎక్కడుంది? వెతకండి. తొందర లేదు. బాడీని కనుక్కోండి.

మా రాయపురంలో బాడీ అంటే ఒకటే. ఆస్పత్రి వెనక గదిలోంచి ఇచ్చేది. పోలీసులు చూసి గుర్తుపట్టమనేది. బతికున్నవాళ్ళది ఒళ్ళు. బాడీ కాదు.

అక్క లేచి కూర్చుంది. స్టేషన్‌లో చెప్పినట్టే, ఎంతో మర్యాదగా చెప్పింది — దొరకలేదు మేడమ్. బోట్లు పోయి వెతికినాయి. బాడీ దొరకలేదు.

మేడమ్‌కి తెలియదు. బావ సంగతి ఎవరూ చెప్పలేదు. "దొరుకుతుంది," అంది. "నెమ్మదిగా ఊపిరి పీల్చండి. తప్పకుండా దొరుకుతుంది."

అక్క ముఖం వెలిగింది. ఇన్ని నెలల తర్వాత... "నిజంగానా మేడమ్? ఎవురన్నా చెప్పినారా?"

అరిచాను. ఏమని అరిచానో. అక్కని చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా లాక్కొచ్చాను. మేడమ్ గేటు దాకా పరుగెత్తింది. నేనేం తప్పన్నాను, చెప్పు, చెప్పు అని. చెప్పాను. గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. నాకు జాలి కలగలేదు.

కొంచెం కలిగింది.

20, సోమవారం

అక్క హార్బర్‌కి పోయి బోటు బోటునీ అడిగి వచ్చింది. "పెద్ద చదువుకున్నామె పాపా. తెలవకుండా అంటాదా?"

23, గురువారం

మేడమ్ ఇంటికి వచ్చింది. చాప మీద కూర్చుని, తప్పుగా చెప్పానమ్మా, మీ ఒంటి గురించే అడిగాను అంది. అక్క మొత్తం విన్నది. "సరి మేడమ్. మీరు మాత్రం ఏం చేస్తారు." కాఫీ ఇచ్చింది. మేడమ్ తాగలేకపోయింది. ఆమె వెళ్ళాక అక్క రొయ్యలు వలవడానికి కూర్చుంది.

అత్తకి ఇదే సందు దొరికింది. గడ్డితో బొమ్మ కట్టి బావ పేరున దహనం చేయాలట. ఇంకా ఆపితే ఇంటికి అరిష్టమట. "ఒళ్ళు దగ్గర పెట్టుకోని సరే అను."

ఏ ఒళ్ళు? ఎవరి ఒళ్ళు?

అక్క సరే అంది.

26, ఆదివారం

గడ్డి వచ్చింది. వాకిట్లో కుప్ప. బొమ్మ కట్టే పెద్దాయన అడిగాడు, మనిషి ఎంత పొడుగు?

"అయిదున్నర అడుగులు ఉంటాడు నా కొడుకు," అత్త. పచ్చి అబద్ధం. పెళ్ళి ఫోటోలో బావ పీట మీద నిలబడ్డాడని ఈ వీధికంతా తెలుసు.

అక్క లోపలి నుంచి వచ్చింది. అరచెయ్యి అడ్డంగా చాచి తన భుజం కిందికి పెట్టుకుంది.

"ఈడికి. ఈడికే వస్తాడు."

పెద్దాయన గడ్డితాడు పట్టుకుని కొలవడానికి దగ్గరికి వచ్చాడు. అక్క చెయ్యి తీస్తే గానీ కొలవలేడు. "అమ్మా, చాల్లే, దించు" అన్నాడు. దించలేదు.

దించమని నేనే చెప్పాలట. అందరూ నా వంకే చూస్తున్నారు.