చిన్న స్వరాలు రాయనిదాని వీలునామా

బృందగాన మందిరానికి పాటల ప్రతులు రాసిపెట్టి బతికినదాన్ని, పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని అయిన నేను, బుద్ధి స్థిరంగానూ చెయ్యి అస్థిరంగానూ ఉండగా, ఒకరి ఒత్తిడి గాని ప్రలోభం గాని లేకుండా, మనస్ఫూర్తిగా రాస్తున్న ఆఖరి వీలునామా ఇది. చెయ్యి సంగతి చట్టానికి అక్కర్లేదని వకీలు అన్నాడు. నాకు అక్కర ఉంది కాబట్టి ముందే పెట్టాను.

1. ఇదివరకు నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. అందులో మా తమ్ముడి భార్యకు, అంటే నా మరదలికి, తిన్నగా గీత గియ్యడం ఇకనైనా నేర్చుకోవాలని ఒక స్కేలు రాసిచ్చాను. అది చాలక, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు పైకి చదివి నవ్వించాను కూడా. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

2. నా స్వార్జితమైన మేడమీది రెండు గదులూ నా తదనంతరం మా తమ్ముడికి సర్వహక్కులతో చెందాలి. తమ్ముడూ మరదలూ ఉంటున్న పక్క గది కిటికీ రెక్క ఊడింది. నాతో పోట్లాడినప్పుడల్లా దాన్ని దభాలున వేసి వెళ్ళింది వాడే కాబట్టి బాగుచేయించే భారం కూడా వాడిదే. ఊరందరి తాళాలూ బాగుచేసేవాడికి ఇంట్లో కిటికీ గడియ కనబడదు.

3. ఈ అంశం కింద ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. కిందివి అర్థం కావడానికి నా పని సంగతి చెప్పాలి. మందిరంలో బృందానికి పాట నేర్పే మాస్టారు కట్టిన పాట నాలుగు రకాల గొంతులకూ కలిపి ఒకే కాగితం మీద వస్తుంది. దాన్ని విడదీసి ఏ గొంతుకు ఆ ప్రతి రాయడం నా వృత్తి. పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద స్వరం గుండ్రంగా వేసి ఉంటుంది, సరిగ్గా దాని కిందే పాటలోని అక్షరం ఉండాలి. ఒక అక్షరం కొన్ని స్వరాల మీద సాగితే, సాగినంత మేరా పక్కన గీత పెట్టాలి. ఊపిరి తీసుకునేచోట గుర్తు పెట్టాలి. పాడేవాళ్ళు ఒక స్వరం పట్టి నిలిచినప్పుడు పేజీ తిప్పాల్సిన అవసరం రాకూడదు.

ఇన్ని నియమాలు పాటించిన నేను ఒక్క పని చెయ్యనని మాత్రం భీష్మించుకు కూర్చున్నాను. ఒక వరుసవాళ్ళు చాలాసేపు ఊరుకుని మళ్ళీ అందుకోవాలనుకోండి. అంతకు ముందు పక్క వరుస పాడే స్వరాలు కొన్ని సన్నగా రాసిపెడితే వాళ్ళకు దారి దొరుకుతుంది. వీటిని మేం చిన్న స్వరాలంటాం. నేను రాయలేదు. లెక్కపెట్టుకోవడం పాడేవాళ్ళ పని, గోరుముద్దలు తినిపించడం నా పని కాదు అనేదాన్ని. నేను ఏనాడూ బృందంలో నిలబడి పాడినదాన్ని కాను.

4. పై గొంతు వరుసలో పాడే, అందరూ చిలకమ్మ అని పిలిచే ఆవిడకు నా ఉన్ని శాలువా చెందాలి. చిన్న స్వరాలు రాసిపెట్టమని ఆవిడ నన్ను మర్యాదగానే అడిగింది. చెవులు ఇంట్లో మరిచిపోయి వచ్చావా అని నలుగురిలో అన్నాను. శాలువా మంచిదే, ఎక్కడా చిరుగు లేదు. కప్పుకోకపోయినా తప్పుపట్టడానికి నేనుండను.

5. ఈ అంశం రాయడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది. కొన్నేళ్ళుగా నా చెయ్యి వణుకుతోంది. అక్షరాలు స్వరాల కిందనుంచి పక్కకు జారుతున్నాయని నా కళ్ళు నాకు చెప్పలేదు. నేను ప్రతులు పంపుతూనే ఉన్నాను. వింతేమిటంటే, బృందం ఎప్పుడూ పాడనంత బాగా పాడటం మొదలుపెట్టింది. ఎవరూ ముందుగా అందుకోరు, ఎవరూ తడబడరు. ఇదంతా నా కట్టుదిట్టం వల్లేనని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ డప్పు కొట్టుకున్నాను.

మొన్న చలికాలంలో ఒకరోజు సాధనకు వెళ్ళాను. మరదలితోపాటు బృందంలో పాడే మా తమ్ముడి చేతిలోని ప్రతి లాక్కుని, అందరి ముందూ ఉపన్యాసం ఇచ్చాను. ఈ వయసులో ఎంత తిన్నగా ఉన్నాయో చూడండి, అక్షరం స్వరం కింద ఎలా కుదురుగా కూర్చుందో చూడండి అని. చూసి నేర్చుకోమని దాన్ని మరదలి చేతిలో పెట్టాను. ఆమె రెండు చేతులా అందుకుని, అలాగే వదినా అంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చిలకమ్మ నేలచూపులు చూసింది. మా తమ్ముడు లేచి వెళ్ళి తలుపు గడియ ఊపి చూశాడు. ఇంకొక్క గొప్ప చూపిద్దామని కాగితం మీద వేలు పెట్టాను. వేలి కింద చిన్న స్వరాలున్నాయి.

గుండ్రాలు నావే, ఊపిరి గుర్తు నాదే, పేజీ అడుగున నేను పెట్టే గుర్తు కూడా ఉంది. కానీ చిన్న స్వరాలు నావి కావు. గదిలో ఉక్కపోస్తోందని గట్టిగా చెప్పి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అంత చలిలో ఎవరూ కాదనలేదు.

తరవాత మాస్టారిని నిలదీస్తే చెప్పాడు. నా చెయ్యి పట్టు తప్పినప్పటినుంచీ నా ప్రతులన్నీ మరదలు ఇంటికి తెచ్చుకుని మళ్ళీ రాస్తోంది, నేను రాసినవి ఆయన బీరువాలో దాస్తున్నాడు. నాకు తెలియకూడదని నా రాత తీరే నేర్చుకుంది. తను కింది గొంతు వరుసలో పాడుతుంది కాబట్టి మనిషి ఎక్కడ దారి తప్పుతుందో తనకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయానని అంటుంటారు. చావలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

6. మందిరంలో ముందు వరుసలోని నా మెత్తటి కుర్చీ మాస్టారికి చెందాలి. ఈ వీలునామాకు అమలుదారు కూడా ఆయనే. మాస్టారూ, మీరు చూపింది గౌరవమో జాలో తేల్చుకోలేక మీతో సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను. మీ బీరువాలో దాచిన నా వణుకు ప్రతులన్నీ చింపెయ్యండి. ఎవరూ చూడటం నాకిష్టం లేదు.

7. నా రాతబల్ల, దీపం, పాళీలు, సిరాలు, గీతల కాగితాలు మరదలికి సర్వహక్కులతో చెందాలి. మందిరానికి నేను రాసిన పాత ప్రతులన్నిటిలోనూ చిన్న స్వరాలు చేర్చే అధికారం ఆమెదే. ఆమె రాసిన ప్రతుల అడుగున ఉన్న నా గుర్తు గీకేసి, ఆమె పేరు రాయాలి. ఇది కోరిక కాదు, షరతు. నెరవేరకపోతే అమలుదారు ఆ కుర్చీలో కూర్చోరాదు.

8. నా చిత్తుప్రతిలో ఒక్క ముక్కా అర్థం కాలేదని దస్తావేజుల కార్యాలయం గుమస్తా తిప్పి పంపాడు. సాపు రాసే పని మరదలికి అప్పగిస్తున్నాను. ఆస్తి అందుకునేవాళ్ళే రాస్తే రేపు నలుగురూ వేలెత్తి చూపుతారని వకీలు మొత్తుకున్నాడు. చూపనివ్వండి.

అమ్మాయ్, ఇది రాస్తూ ఈపాటికి ఇక్కడిదాకా వచ్చి ఉంటావు. నీతో నోటితో చెప్పాలని నీ గది గుమ్మందాకా వచ్చి, ఉప్పు అడిగి పట్టుకుపోయాను. నా వంటగదిలో ఇప్పుడు ఉప్పు తప్ప ఏమీ లేదు. నాకు చాలా సిగ్గుగా ఉందే. నన్ను కాపాడే అలవాటుకొద్దీ ఏ వాక్యాన్నీ మెత్తబరచకు, స్కేలు సంగతి దాటెయ్యకు. నా రాతలో రాయకు. నీ రాత ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో నేనొక్కసారీ చూడలేదు. నేను ఉండగానే చూడాలి.

తేదీ: మార్చి పదో తారీఖు, నా ఇంట్లో, నా రాతబల్ల దగ్గర.

సంతకం: పాటల ప్రతులు రాసిన ఆమె (వణికినా సంతకం నాదే)

సాక్షులు:
కింది వాటాలో మందుల షాపు ఆయన
ఎదురింటి దర్జీ

దస్తూరి: వదిన చిత్తుప్రతిలో ఉన్నది ఉన్నట్టు, నా సొంత చేతిరాతలో రాసినది నేను, ఆమె మరదలిని. ఎనిమిదో అంశం దగ్గర నా చెయ్యి కూడా వణికింది. అక్కడ అక్షరాలు వంకరగానే ఉన్నాయి, దిద్దలేదు.