పాటల మీద అక్క పేరు

శనివారం, 2012

చనిపోయిన మా అక్క పాడిన క్రీస్తు పాటలన్నిటికీ పాస్టర్ భార్య సుగుణ తన పేరు పెట్టించుకుంది. మా ఊరు ఖేడ్‌లో ఎవరి ఫోన్లో పాట మోగినా తెర మీద ఆమె పేరే. ఈరోజు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే మరియ షాపుకు వెళ్లాను. అన్ని పాటలూ కంప్యూటర్లో ఒకేసారి ఎంచి, పాడినవారి చోట అక్క పేరు టైపు చేయమన్నాను.

"చిన్నమ్మా, గిండ్ల రెండు నిజంగ సుగుణమ్మ పాడినయే. ఇడిసిపెట్టాల్నా?" అంది మరియ.

"ఇడువకు బిడ్డా. గవి గూడ మా అక్కయే."

మరియ ఒక్కసారి నా వైపు చూసి బటన్ నొక్కింది.

రేపు ఆరాధన కాగానే అందరూ మరియ దగ్గర ఆ పాటలే ఎక్కించుకుంటారు. ఇందాక పరలోక ప్రార్థనలో ఇతరుల తప్పులు క్షమించే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. రేపు సుగుణ ముఖం చూసి వచ్చాక ఆ మాట పూర్తి చేస్తాను, ప్రభువా...