బల్ల కింద చేతులు

రూవాన్, 5 అక్టోబర్ 1992

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం ఇవాళే పోస్టులో పడాలి. ఎటియెన్ వాళ్ల నాన్న వోక్లాన్ గారు కొన్న నీలం ఆల్పీన్ కారు తయారైందట. పదహారో తేదీ శుక్రవారం మీ ఫ్యాక్టరీకే వచ్చి తీసుకుంటారు. ఎటియెన్‌నీ నన్నూ కూడా రమ్మన్నారు.

మా పెళ్లి మాట మొదలైనప్పుడు, నువ్వు డ్రాయింగ్ ఆఫీసులో కార్ల బొమ్మలు గీస్తావని ఆయనకి చెప్పాను. అచ్చులో గాజునార పరిచి, రెజిన్ జిగురు పూసి, కారు ఒళ్లు పోస్తావని చెప్పలేకపోయాను. మొన్న వాళ్లింట్లో భోజనం దగ్గర చేతులు బల్ల కింద పెట్టుకోమన్నది అందుకే. రెజిన్ పట్టి పగిలిన నీ వేళ్లు వాళ్లు చూస్తారని. చేతులు బల్ల మీద కనబడేలా ఉంచడమే మర్యాదని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే. అయినా నువ్వు ఎందుకని అడగలేదు.

ఆ శుక్రవారం సెలవు పెట్టగలవా? అడగడానికి సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

నీ మురియెల్

దియెప్, 8 అక్టోబర్

చిట్టితల్లీ,

సెలవు పెట్టాను. పన్ను నొప్పన్నాను. మా గాస్టన్ మేస్త్రీ, "వచ్చే శుక్రవారం నొప్పొస్తుందని ఇవాళే తెలిసిందా ఫెర్నాన్? ఎవర్ని చూసి దాక్కుంటున్నావు?" అన్నాడు. వాడి సంగతి నేను చూసుకుంటాలే.

రేవు గోడ మీద కూర్చుని గాలం వేస్తా. కానాగంతలు బాగా పడుతున్నాయి. మీ అమ్మ మాత్రం అటక సర్దమంటోంది.

ఆ నీలం కారు ఒళ్లు నేను పోసిందే. దాని పైకప్పుని ఎండలో పక్కనుంచి చూడు. ఎక్కడా అలలా ఎత్తుపల్లం కనబడదు.

మీ నాన్న

రూవాన్, 17 అక్టోబర్

ప్రియమైన నాన్నకి,

నిన్న కారు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఒళ్లు పోసినవాడు పైకప్పు తట్టందే మీ షెడ్డువాళ్లు ఏ కారునీ సాగనంపరు. ఆ సంగతే మరిచాను. ఎవరో నోరు జారి, "ఫెర్నాన్ తట్టాలి కదా, పన్ను నొప్పని రాలేదే" అన్నారు.

"మురియెల్ వాళ్ల నాన్నా? ఆయన బొమ్మలు గీస్తారు కదా?" అన్నారు వోక్లాన్ గారు.

అందరూ నావైపు చూశారు. గాస్టన్ టోపీ తీసి, "అవునండీ. ఆయన గీత గీస్తే తిరుగుండదు" అన్నాడు.

నువ్వు వాళ్లకి ముందే చెప్పిపెట్టావని అప్పుడర్థమైంది. నా అబద్ధాన్ని షెడ్డంతా మోస్తోంది.

"కాదండీ. మా నాన్న గీయడు. ఈ ఒళ్లు ఆయన చేత్తో పోసింది" అన్నాను.

వోక్లాన్ గారు వంగి పైకప్పుని పక్కనుంచి చూశారు. "మరి మా ఇంట్లో చేతులు బల్ల కింద పెట్టుకున్నారేం? ఇంత వయసొచ్చి ఆ మాత్రం మర్యాద తెలియదా అనుకున్నాం."

"నేనే పెట్టుకోమన్నాను."

గాస్టన్ నీ బదులు నన్ను తట్టమన్నాడు. నాకు చెయ్యి లేవలేదు. వోక్లాన్ గారు తాళాలు మేస్త్రీ చేతిలో పెట్టి, "ఆయన పన్ను నొప్పి తగ్గాక వస్తాను" అన్నారు. కారక్కడే ఉంది.

ముప్ఫయ్యో తేదీన వస్తారట. నువ్వు తట్టాక భోజనం మనింట్లో. వంటింటి బల్ల మీదే పెడదాం. చేతులు పైన పెట్టుకుని కూర్చుంటావా నాన్నా?

ఇరవై అయిదో తేదీలోగా జవాబు రాయి. అమ్మ చేత రాయించకు. నీ చేత్తోనే రాయి.

మురియెల్